ఆగిన సర్వర్, తెరిచిన డిస్క్

ఆపేసిన వర్చువల్ మెషిన్ అంటే హార్డ్‌డిస్క్‌లో పడి ఉన్న ఒక పెద్ద ఫైలు. నడుస్తున్నంతసేపూ దానికి ప్రాసెసర్‌లో వాటా, కొంత మెమరీ, నెట్‌వర్క్‌లో ఒక చిరునామా ఉంటాయి. ఆపగానే అవన్నీ అసలు కంప్యూటర్‌కు తిరిగి జమ అవుతాయి. మిగిలేవి రెండు: డిస్క్ ఇమేజ్ అనే ఆ ఫైలు, ఈ యంత్రానికి ఎన్ని ప్రాసెసర్లు ఎంత మెమరీ ఇవ్వాలో రాసి ఉన్న చిన్న చీటీ. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అనీ, దాని మీద బతికే వర్చువల్ మెషిన్‌ను గెస్ట్ అనీ అంటారు. గెస్ట్‌ను లేపకుండానే హోస్ట్ వైపు నుంచి ఆ పెద్ద ఫైలు తెరిచి, లోపలున్న వేల ఫైళ్లలో ఒకదాన్ని దిద్ది, మళ్లీ మూసేయవచ్చు. గెస్ట్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ లేవలేని స్థితిలో ఉన్నప్పుడు ఇదే దగ్గరి దారి. చాలాసార్లు ఇదొక్కటే దారి.

ఈ అవసరం ఎలా వచ్చిపడుతుందో తెలియాలంటే చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో, ఎం.సి. రోడ్డు మీద ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకుంటే చాలు. తెలుగువాళ్లు చాకలిపేట అనీ తమిళులు వణ్ణారపేట్టై అనీ పిలిచే ఈ పేటలో ఈస్టిండియా కంపెనీ కాలంలో ఎగుమతి బట్టలు ఉతికి చలువ చేసేవాళ్లు. పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఎం.సి. రోడ్డు నిండా చీరల కొట్లు, రెడీమేడ్ దుకాణాలు. ఊహించిన ఈ దుకాణంలో మెట్ల కింద ఒక పాత డెస్క్‌టాప్, దాని మీద లైనక్స్, ఆ లైనక్స్ మీద రెండు వర్చువల్ మెషిన్లు ఉన్నాయి. ఒకటి బిల్లులకు, రెండోది స్టాకు లెక్కలకు. లెక్కల యంత్రానికి బ్యాకప్ కోసం ఇంకో చిన్న డిస్క్ తగిలించి ఉండేది. చోటు చాలక దీపావళి రద్దీలో ఎవరో దాన్ని తీసేశారు. యంత్రం నడుస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను అంతకుముందు రెండు రోజులూ చెన్నైని ముంచెత్తింది. అలాంటి ఒక వానలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక బిల్లుల యంత్రం లేచింది, లెక్కల యంత్రం లేవలేదు.

తప్పు ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఉంది. ఏ డిస్క్ భాగాన్ని ఏ ఫోల్డర్ దగ్గర తగిలించాలో చెప్పే పట్టిక అది. లైనక్స్ లేచే ప్రతిసారీ దాన్ని చదువుతుంది. అందులో పోయిన డిస్క్ తాలూకు పంక్తి అలాగే ఉండిపోయింది. నేటి లైనక్స్‌లలో బూట్ వ్యవహారాలు చూసే సిస్టమ్‌డీ ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగుతుంది. అక్కడ రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఉబుంటులాంటి వాటిలో రూట్ ఖాతాకు మొదటినుంచీ తాళం వేసి ఉంటుంది కాబట్టి, ‘రూట్ ఖాతా లాక్ అయి ఉంది’ అని చెప్పి అక్కడే ఆగిపోతుంది. లోపలికి వెళ్లకుండా పంక్తి దిద్దలేరు, పంక్తి దిద్దకుండా లోపలికి వెళ్లలేరు. ఒక్క పంక్తికి ముందు ఒక్క గుర్తు పెడితే తీరిపోయే పనికి సర్వర్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఉన్నారు. అది తలనొప్పికి తల తీయించుకోవడమే.

బయటినుంచి దిద్దాలంటే ముందు ఆ పెద్ద ఫైలు కడుపులో ఏముందో తెలియాలి. డిస్క్ ఇమేజ్‌లలో అన్నిటికంటే సాదాది రా. పేరుకు తగ్గట్టే పచ్చిది: నిజమైన హార్డ్‌డిస్క్‌లో మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఏం ఉంటుందో అదే వరసలో ఇక్కడా ఉంటుంది. మొదట విభాగాల పట్టిక, కొంత ఖాళీ, ఆపైన మొదటి విభాగం. ఇప్పటి పనిముట్లు మొదటి విభాగాన్ని మామూలుగా 2048వ సెక్టార్ దగ్గర మొదలుపెడతాయి. సెక్టార్‌కు 512 బైట్లు చొప్పున లెక్కేస్తే అది 10,48,576వ బైటు, అంటే సరిగ్గా ఒక మెగాబైటు. పాత డిస్కుల్లో ఇది 63వ సెక్టార్, అంటే 32,256వ బైటు. ఈ అంకె తెలియకుండా ఫైలు మొత్తాన్ని ఒకే ఫైల్‌సిస్టమ్ అనుకుని తగిలించబోతే లైనక్స్ ఒప్పుకోదు. కొత్తవాళ్లు ‘ఇమేజ్ పాడైపోయింది’ అని కంగారుపడేది ఇక్కడే. పాడవలేదు, గడప దాటకుండా గోడలో తలుపు వెతుకుతున్నారంతే.

రెండోది క్యూకౌ2. పేరులో ఆవు వినిపిస్తుంది గానీ, అది క్యూఎము అనే వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ పేరుకూ ‘కాపీ ఆన్ రైట్’ అనే మాటకూ కలిపి పెట్టిన పొట్టిపేరు. ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టిన క్యూఎముకు ఇది సొంత రూపం. గెస్ట్‌కు 40 గిగాబైట్ల డిస్క్ ఉన్నట్టు చూపిస్తుంది, రాసినంత మేరకే హోస్ట్‌లో చోటు తీసుకుంటుంది. లోపల సమాచారం మామూలుగా 64 కిలోబైట్ల ముక్కలుగా, వచ్చిన వరసలో పడి ఉంటుంది. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికలు రెండంతస్తులుగా ఉంటాయి. అందుచేత రా ఇమేజ్‌లోలా ‘ఒక మెగాబైటు దాటి చూడు’ అంటే కుదరదు, ఆ పట్టికలు చదవగల దుబాసీ కావాలి. వర్చువల్‌బాక్స్ వాడే వీడీఐ, వీఎంవేర్ వాడే వీఎండీకే కూడా ఈ జాతివే.

క్యూకౌ2కు ఇంకో గుణం ఉంది, మేలూ కీడూ అందులోనే ఉన్నాయి. ఒక ఇమేజ్ మీద ఇంకో పలచని ఇమేజ్‌ను పరచవచ్చు. కింది దాన్ని చదువుతుంది, మార్పులన్నీ పై పొరలో రాసుకుంటుంది. ఒకే మూల ఇమేజ్ మీద పది గెస్ట్‌లకు పది పై పొరలు పెట్టడం కాలేజీ ల్యాబ్‌లలో మామూలే. అలాంటిచోట ఎవరైనా మూల ఇమేజ్‌ను తెరిచి ఒక ఫైలు దిద్దితే, పైనున్న పది పొరలకూ కింద నేల కదిలిపోయినట్టే. పై పొరలో ఉన్న పట్టికలు పాతవి, కింద ఉన్న ముక్కలు కొత్తవి, రెండూ పొసగవు. ఇమేజ్ మీద చెయ్యి వేసే ముందు దాని మీద ఆధారపడిన పొరలు ఉన్నాయా అని చూసుకోవడం ఈ పనిలో మొదటి ఓనమాలు.

అసలు ప్రమాదం ఇంతకంటే పెద్దది. గెస్ట్ నడుస్తుండగా దాని డిస్క్‌ను బయటినుంచి దిద్దకూడదు. దుకాణం ఉదాహరణతోనే చెప్పుకోవచ్చు. గుమస్తా చిట్టాపుస్తకంలో పదో పేజీ తన తలలో పెట్టుకుని పనిచేస్తున్నాడు. ప్రతి బేరానికీ పుస్తకం తిరగేయడు, సాయంత్రం తీరిగ్గా ఒకేసారి ఎక్కిస్తాడు. మధ్యాహ్నం అతనికి తెలియకుండా ఇంకొకరు వచ్చి అదే పేజీలో రెండు పద్దులు రాసి వెళ్లారు. సాయంత్రం గుమస్తా తన తలలోని పేజీనే పుస్తకం మీద రాస్తాడు. రెండో మనిషి పద్దులు పోతాయి. అవి పోతే పోయాయి, అసలు నష్టం విషయసూచిక ఒకరిదీ పేజీలు ఇంకొకరివీ అయిపోవడం. లైనక్స్ కెర్నెల్ కూడా డిస్క్‌లోని సమాచారాన్ని మెమరీలో ఉంచుకుని పనిచేస్తుంది, రాతలను కొంతసేపు ఆపి పెడుతుంది, ఆ డిస్క్‌కు తానొక్కతే యజమాని అనుకుంటుంది. ఇద్దరు యజమానులు చేరిన ఎక్స్‌ట్4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌లు నిమిషాల్లో చిందరవందరవుతాయి. ఏ ఫైలు ఎప్పుడు చెడిందో వారం తర్వాత గానీ బయటపడదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఐబీఎం 1972లో తెచ్చిన వీఎం/370లో ఒక పెద్ద డిస్క్‌ను మినీడిస్కులుగా పంచి వాడుకరులకు ఇచ్చేవాళ్లు. ఒకరి మినీడిస్క్‌ను ఇంకొకరు లింక్ అనే ఆజ్ఞతో తగిలించుకోవచ్చు. చదవడానికే, రాయడానికి, ఎవరు రాస్తున్నా తానూ రాయడానికి అని అందులో విడివిడి అనుమతులు ఉండేవి. చివరిది వాడితే డిస్క్ చెడుతుందని అప్పటి వాళ్లకూ తెలుసు. క్యూఎము మాత్రం 2017లో వచ్చిన 2.10తో గానీ ఇమేజ్‌కు తనంతట తాను తాళం వేయడం మొదలుపెట్టలేదు. ఇప్పుడు నడుస్తున్న గెస్ట్ ఇమేజ్‌ను ఇంకో క్యూఎము పనిముట్టు రాయడానికి తెరవబోతే ‘రాత తాళం దొరకలేదు’ అని నిరాకరిస్తుంది. ఆ తాళాన్ని తప్పించే మార్గాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోకపోవడమే క్షేమం.

‘ఆగిందా?’ అన్న ప్రశ్నకు జవాబు కనిపించినంత తేలిక కాదు. లైనక్స్ హోస్ట్‌లలో వర్చువల్ మెషిన్ల పెత్తనం ఎక్కువగా లిబ్‌వర్ట్ చూస్తుంది. దాన్ని వర్ష్ అనే ఆజ్ఞతో అడిగితే గెస్ట్‌ల జాబితా, పక్కన వాటి స్థితి చూపిస్తుంది: రన్నింగ్, పాజ్డ్, షట్ ఆఫ్. పాజ్డ్ అంటే ఆగినట్టు కాదు, ఊపిరి బిగబట్టినట్టు. దాని మెమరీ అంతా హోస్ట్‌లో అలాగే ఉంది. ఇంకా మోసం చేసేది మేనేజ్డ్ సేవ్. గెస్ట్ మెమరీని మొత్తం ఒక ఫైలులో దాచి, యంత్రాన్ని ఆపేస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే బూట్ కాదు, ఆగినచోటునుంచే అందుకుంటుంది. ఈ స్థితిలో జాబితా ‘షట్ ఆఫ్’ అనే చూపిస్తుంది! నమ్మి డిస్క్ దిద్దితే, లేచిన గెస్ట్ తన తలలోని పాత పేజీలతో మళ్లీ రాయడం మొదలుపెడుతుంది. వర్ష్‌లో డోమ్‌ఇన్ఫో అడిగితే మేనేజ్డ్ సేవ్ ఉందో లేదో ఒక పంక్తిలో చెబుతుంది. అది ‘నో’ అని కనిపించేదాకా ఇమేజ్ ముట్టుకోకూడదు.

ఆగిందని రూఢి అయ్యాక, పాత పద్ధతి ఇలా సాగుతుంది. రా ఇమేజ్ అయితే లూప్ డివైస్ అనే సౌకర్యంతో ఆ ఫైలును ఒక డిస్క్‌లా కనిపించేలా చేస్తారు. లోసెటప్ ఆజ్ఞకు విభాగాలు చూడమని చెబితే అవి వాటంతట అవే బయటపడతాయి. క్యూకౌ2 అయితే క్యూఎము-ఎన్‌బీడీ అనే దుబాసీ కావాలి. ఎన్‌బీడీ అంటే నెట్‌వర్క్ బ్లాక్ డివైస్; దూరాన ఉన్న డిస్క్‌ను నెట్‌వర్క్ మీదుగా దగ్గరున్నట్టు చూపడానికి పావెల్ మాచెక్ 1997లో లైనక్స్‌కు రాసిన ఏర్పాటు. ఇక్కడ దూరం ఏమీ లేదు, అదే యంత్రంలో క్యూఎము ఆ ఇమేజ్‌ను అర్థం చేసుకుని కెర్నెల్‌కు డిస్క్‌లా అందిస్తుంది. ఆ తర్వాత విభాగాన్ని ఎంఎన్‌టీ ఫోల్డర్‌లో మౌంట్ చేసి (అంటే తగిలించి), కావలసిన ఫైలును మామూలు ఎడిటర్‌తో దిద్ది, మౌంట్ తీసేసి, ఎన్‌బీడీ తెంచుతారు. చూడ్డానికి అయిదారు ఆజ్ఞలు.

పేచీ వచ్చేది గుర్తుల దగ్గర. పాత చాకళ్లు ఇంటింటి బట్టలకూ నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవాళ్లు. ఎన్ని ఉతుకులైనా పోదు. ఏ మూటలో ఏ చీర కలిసినా అది ఎవరిదో గుర్తు చెబుతుంది. లైనక్స్ డిస్కులకూ అలాంటి గుర్తు ఉంది, యూయూఐడీ: 128 బిట్ల సంఖ్య, హైఫన్లతో కలిపి 36 అక్షరాలు. వీడీఏ, వీడీబీ అనే పేర్లు మూటలో వరస లాంటివి, ఒక డిస్క్ తీస్తే మారిపోతాయి. అందుకే ఎఫ్‌స్టాబ్‌లో పేరు బదులు గుర్తు రాస్తారు. కానీ వర్చువల్ మెషిన్లను ఒక్కొక్కటిగా ఇన్‌స్టాల్ చేసే ఓపిక ఎవరికి ఉంది? ఒక ఇమేజ్‌ను తయారు చేసుకుని నకళ్లు తీస్తారు. నకలుతో పాటు గుర్తూ నకలవుతుంది. రెండు చీరలకు ఒకే గుర్తు!

అలాంటి రెండు డిస్కులు ఒకే హోస్ట్‌లో కలిసినప్పుడు ఒక్కో ఫైల్‌సిస్టమ్ ఒక్కో రకంగా నడుచుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అదే గుర్తుతో ఒకటి ఇప్పటికే మౌంట్ అయి ఉంటే రెండోదాన్ని తగిలించనంటుంది. ఎక్స్‌ట్4 కిమ్మనదు. డిస్కులను వాల్యూమ్ గ్రూపులుగా కట్టి పంచే ఎల్‌వీఎం సంగతి ఇంకా చిక్కు. హోస్ట్‌నూ గెస్ట్‌నూ ఒకే ఇన్‌స్టాలర్‌తో పెట్టి ఉంటే రెండిటి వాల్యూమ్ గ్రూపులకూ ఒకే పేరు పడి ఉంటుంది. గెస్ట్ డిస్క్ ఎన్‌బీడీతో కనిపించగానే హోస్ట్ దాన్ని తనదే అనుకుని వెంటనే తెరిచే అవకాశమూ ఉంది. దిద్దాక ఆ గ్రూపును మూయకుండా ఎన్‌బీడీ తెంచేస్తే, హోస్ట్ లేని డిస్క్ వైపు చూస్తూ తప్పుల మీద తప్పులు లాగ్‌లో రాసుకుంటుంది. గెస్ట్‌ను బాగుచేయబోయి హోస్ట్‌ను పడగొట్టే ప్రమాదం ఈ ఎల్‌వీఎం దగ్గర ఉంది.

‘చూసి వదిలేస్తాం, రాయం’ అనుకున్నా పూర్తి రక్షణ లేదు. కరెంటు పోయి ఆగిన గెస్ట్ డిస్క్‌లో జర్నల్ అనే చిత్తుపుస్తకంలో సగం పనులు మిగిలి ఉంటాయి. చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా ఎక్స్‌ట్4 ముందుగా ఆ జర్నల్‌ను డిస్క్ మీదికి ఎక్కిస్తుంది. అంటే చూడ్డమే ఒక రాత. నేరపరిశోధనలో డిస్క్ చూసేవాళ్లు నోలోడ్ అనే ఐచ్ఛికాన్ని, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కైతే నోరికవరీ అనేదాన్ని వాడేది ఇందుకే. ఇంకో ఉచ్చు లింకులది. గెస్ట్ లోపల ఒక ఫైలు నిజానికి ఇంకో ఫైలుకు దారి చూపే లింక్ కావచ్చు, ఆ దారి రూట్ ఫోల్డర్ నుంచి మొదలై ఉండవచ్చు. హోస్ట్‌లో నిలబడి ఆ లింక్‌ను తెరిస్తే అది గెస్ట్ ఫైలుకు పోదు, అదే పేరుతో ఉన్న హోస్ట్ ఫైలుకు పోతుంది. గెస్ట్ నెట్‌వర్క్ దిద్దుతున్నానని హోస్ట్ నెట్‌వర్క్ దిద్దిన అడ్మిన్ పరిస్థితి, పక్కింటి తాళం పగలగొడుతున్నానని తన ఇంటి తాళం పగలగొట్టుకున్నవాడిది.

ఈ బాధలన్నీ చూసి రెడ్‌హ్యాట్ ఇంజినీర్ రిచర్డ్ జోన్స్ 2009లో లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ మొదలుపెట్టారు. దాని కిటుకు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: గెస్ట్ డిస్క్‌ను హోస్ట్ కెర్నెల్‌కు చూపించవద్దు. అడిగినప్పుడల్లా అది తెర వెనక ఒక బుల్లి వర్చువల్ మెషిన్‌ను లేపుతుంది. అందులో ఒక కెర్నెల్, కొన్ని పనిముట్లు, బయటి మాట విని పనిచేసే ఒక చిన్న ప్రోగ్రామ్ తప్ప ఏమీ ఉండవు. గెస్ట్ ఇమేజ్ ఆ బుల్లి యంత్రానికి డిస్క్‌గా తగులుతుంది. ఎల్‌వీఎం తెరుచుకున్నా, గుర్తులు కలిసినా, లింకులు ఎటు తిరిగినా అంతా ఆ గదిలోనే. హోస్ట్‌కు మరక అంటదు. వర్చువల్ మెషిన్లను వేగంగా నడిపే కేవీఎం అనే కెర్నెల్ సౌకర్యం ఉన్న హోస్ట్‌లో ఈ యంత్రం కొద్ది సెకన్లలో లేస్తుంది, పని అవగానే మాయమవుతుంది.

దీన్నుంచి పుట్టిన పనిముట్లలో గెస్ట్‌ఫిష్ పెద్దన్న; ఫిష్ అన్న మాటలో చేపా షెల్లూ రెండూ కలిసి ఉన్నాయి. మామూలు అవసరాలకు అంత దూరం పోనక్కర్లేదు. వర్ట్-క్యాట్ గెస్ట్‌లోని ఒక ఫైలు చూపిస్తుంది. వర్ట్-కాపీ-ఇన్ బయటి ఫైలును లోపలికి పంపిస్తుంది. వర్ట్-ఎడిట్ దిద్దుతుంది.

దుకాణంలో లేవని లెక్కల యంత్రానికి ఈ దారిలో వైద్యం ఇలా జరుగుతుంది. ముందు డోమ్‌ఇన్ఫోతో నిజంగా ఆగిందని చూడాలి. ఆపైన ఇమేజ్‌కు నకలు తీయాలి. చోటు చాలకపోతే ఇమేజ్ మీద క్యూఎము-ఐఎంజీ అనే ఆజ్ఞతో ఒక పై పొర పరచి, దిద్దుబాటు ఆ పొరలోనే చేయాలి. అప్పుడు వర్ట్-ఎడిట్ అని రాసి, పై పొర మీద చేస్తుంటే -ఎ తో ఆ ఫైలు దారి ఇవ్వాలి, నేరుగా యంత్రం మీదే చేస్తుంటే -డి తో యంత్రం పేరు. చివర్న ఎఫ్‌స్టాబ్ దారి. బుల్లి యంత్రం లేచి, గెస్ట్‌లో ఏ విభాగం రూట్, ఏది బూట్ అని తానే కనిపెట్టి, వాటిని తగిలించి, ఎఫ్‌స్టాబ్‌ను బయటికి తెచ్చి విమ్ లాంటి ఎడిటర్‌లో చూపిస్తుంది. మూడు నాలుగు పంక్తులు. రూట్‌ది ఒకటి, స్వాప్‌ది ఒకటి, అడుగున బ్యాకప్ డిస్క్‌ది. ఆ అడుగు పంక్తి మొదట్లో హ్యాష్ గుర్తు పెడితే అది వ్యాఖ్యగా మారిపోతుంది. ఆ డిస్క్ మళ్లీ ఎప్పుడైనా తగిలించే ఆలోచన ఉంటే పంక్తిని ఉంచి, ఐచ్ఛికాల గడిలో నోఫెయిల్ అన్న మాట చేర్చడం ఇంకా మంచిది. డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు. సేవ్ చేసి బయటికి వస్తే వర్ట్-ఎడిట్ కొత్త ఫైలును లోపల పెట్టి, పాతదాని యజమానినీ అనుమతులనూ దానికే ఇస్తుంది. -బి తో ఒక పొడిగింపు చెప్పి ఉంటే పాత ఫైలు కూడా పక్కనే ఉంటుంది.

పై పొరతో చేసినవాళ్లు యంత్రాన్ని ముందు ఆ పొర మీదే లేపి చూడవచ్చు. లేస్తే యంత్రాన్ని ఆపి, పొరను కమిట్ ఆజ్ఞతో మూలంలో కలిపేయాలి. లేవకపోతే పొర పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. మూల ఇమేజ్ చెక్కుచెదరదు.

ఇలా దిద్దినప్పుడు చిన్న చిన్న సంగతులు మరుపున పడతాయి. ఎస్‌ఈలైనక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉన్న రెడ్‌హ్యాట్, ఫెడోరా గెస్ట్‌లలో ప్రతి ఫైలుకూ భద్రతా చీటీ ఒకటి ఉంటుంది. బయటినుంచి కొత్త ఫైలు పెడితే ఆ చీటీ లేకపోవచ్చు, అప్పుడు గెస్ట్ లేచి కూడా లాగిన్ కానివ్వకపోవచ్చు. రూట్ ఫోల్డర్‌లో ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు (పేరు ముందు చుక్కతో) పెడితే గెస్ట్ తర్వాతి బూట్‌లో చీటీలన్నీ మళ్లీ అంటించుకుంటుంది. పెద్ద డిస్క్ అయితే దానికి చాలాసేపు పడుతుంది, యంత్రం ఆగిపోయిందని మధ్యలో పవర్ తీసేయకూడదు. పాత మౌంట్ పద్ధతిలో యజమాని పేర్లు కూడా తికమక పెడతాయి. ఫైలులో ఉండేది పేరు కాదు, సంఖ్య. 1000 అనే సంఖ్య హోస్ట్‌లో ఒకరిది, గెస్ట్‌లో ఇంకొకరిది.

ఆగిన యంత్రం డిస్క్ తీసి వేరేచోట దిద్దడం ప్రపంచమంతా ఒకేసారి చేయాల్సి వచ్చిన రోజు 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ తాలూకు ఒక తప్పుడు ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చారు. చికిత్స మాత్రం ఒక ఫైలు తీసేయడమే. పక్కన కూర్చుని చేయగల యంత్రాలకు సేఫ్ మోడ్ ఉంది. క్లౌడ్‌లో ఉన్న వర్చువల్ మెషిన్‌కు కీబోర్డు ఎక్కడిది? పడిపోయిన యంత్రం డిస్క్ ఊడదీసి, బాగున్న ఇంకో యంత్రానికి రెండో డిస్క్‌గా తగిలించి, ఆ ఫైలు చెరిపి, మళ్లీ సొంత యంత్రానికి తగిలించాలని క్లౌడ్ కంపెనీలు సూచించాయి. అది విండోస్ గొడవే అయినా మందు ఈ వ్యాసంలోని మందే. అమెజాన్ క్లౌడ్‌కు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ కేంద్రాలున్నాయి. అక్కడి లైనక్స్ యంత్రం ఎఫ్‌స్టాబ్ తప్పుతో లేవకపోయినా చేసేది ఇదే. నకలు ఇమేజ్‌లతో పుట్టిన యంత్రాలు కాబట్టి గుర్తులు కలిసే పేచీ అక్కడ ఇంకా ఎక్కువ.

బయటినుంచి ఇంత తేలిగ్గా దిద్దగలిగితే, అదే తేలికతో దొంగ కూడా దిద్దగలడు. వర్ట్-కస్టమైజ్‌తో రూట్ పాస్‌వర్డ్ మార్చడం ఒక్క ఆజ్ఞ పని. పాత పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. ఇమేజ్ ఫైలు మీద రాసే అనుమతి ఉన్నవాడే ఆ యంత్రానికి యజమాని. గెస్ట్ వైపు నుంచి హోస్ట్‌కు కూడా ప్రమాదం ఉంది. అపరిచిత గెస్ట్ తన రా డిస్క్ మొదట్లో క్యూకౌ2 శీర్షాన్ని దొంగతనంగా రాసి, ‘నా కింది పొర హోస్ట్‌లోని ఫలానా ఫైలు’ అని అందులో చెప్పవచ్చు. ఇమేజ్ ఏ రకమో చెప్పకుండా తెరిస్తే పనిముట్టు ఆ శీర్షాన్ని నమ్మి హోస్ట్ ఫైలును గెస్ట్ డిస్క్‌గా చూపిస్తుంది. అందుకే తెరిచేటప్పుడు రా అయితే రా అని విధిగా చెప్పాలి.

దొంగను ఆపేది ఎన్‌క్రిప్షన్ ఒక్కటే. లైనక్స్‌లో దాని పేరు లక్స్. లక్స్‌తో మూసిన గెస్ట్ డిస్క్‌ను వర్ట్-ఎడిట్ కూడా పాస్‌ఫ్రేజ్ అడిగి గానీ తెరవదు. పాస్‌ఫ్రేజ్ ఒక్కటీ సరిపోదు. దాన్ని అసలు తాళంచెవిగా మార్చే సమాచారం డిస్క్ మొదట్లోని శీర్షంలో ఉంటుంది, లక్స్2లో అది మామూలుగా 16 మెగాబైట్లు. లెక్కలు లక్స్‌లో దాచుకున్న దుకాణదారులు ఆ 16 మెగాబైట్ల నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇంట్లో బీరువాలో పెట్టుకోవాలి. ఆ శీర్షం చెడితే సరైన పాస్‌ఫ్రేజ్ చెప్పినా డిస్క్ తెరుచుకోదు.